ప్రభుత్వ బడిలో కౌన్సెలింగ్: మన విశ్వాసం ఎంతవరకు, వృత్తి నియమం ఎక్కడి నుంచి?

హంద్రీ (కర్నూలు)
అందరికీ వందనాలు. 2025 జులైలో సుప్రీం కోర్టు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సుక్‌దేబ్ సాహా కేసులో ఒక ఆదేశం ఇచ్చింది. వంద మంది, అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలని చెప్పింది. అప్పటి నుంచి మన క్రైస్తవ సంఘాల్లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), ఎంఏ సైకాలజీ చదివినవాళ్లు ఈ పని గురించి అడుగుతున్నారు. వాళ్ల ప్రశ్నలు ఇవి. బిడ్డ ప్రార్థన చేయమంటే ఏం చేయాలి? మన నమ్మకం ఒప్పుకోని విషయంతో బిడ్డ వస్తే ఇంకొకరి దగ్గరికి పంపొచ్చా? సంఘంలో ప్రార్థన అంశంగా పెట్టొచ్చా? పాస్టర్ గారి మీదే ఫిర్యాదు వస్తే ఎట్లా? పని తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

గుత్తి కోట (అనంతపురం)
ముందు చట్టం సంగతి తేల్చుకుందాం. రాజ్యాంగం 28(1) అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదు. జడ్పీ హైస్కూలు, మోడల్ స్కూలు, కేజీబీవీ (కస్తూర్బా బాలికల విద్యాలయం) అన్నీ దీని కిందికే వస్తాయి. ఎయిడెడ్ బడులకు 28(3) ఉంది. అక్కడ ప్రార్థన ఉండొచ్చు గానీ, మైనరు బిడ్డ పాల్గొనాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాల. 25వ అధికరణం మనకు మత స్వేచ్ఛ ఇచ్చింది, నిజమే. ఎదురుగా కూచున్న బిడ్డకూ అదే అధికరణం అంతే హక్కు ఇచ్చింది. ఆ గదిలో బలం మన చేతిలో ఉంటాది. బిడ్డ టీసీ, మార్కులు, ఇంటికి పోయే ఫోను అన్నీ ఈ సార్ వల్లే అవుతాయని బిడ్డ అనుకుంటాది. అందుకే మనం మామూలుగా అనే మాట కూడా వాళ్లకు ఆజ్ఞ లెక్క వినపడతాది.

పెన్నా ఒడ్డు (కడప)
గుత్తి కోట అన్న చెప్పినదానికి పని వైపు నుంచి కొంత కలుపుతాను. విశ్వాసం మన నడతలో ఉండాలి, సెషన్ విషయంలో ఉండకూడదు. అదే బిడ్డ తన విశ్వాసాన్ని తెస్తే మాత్రం దానికి పూర్తిగా చోటివ్వాలి. మిగతా జవాబులన్నీ ఎవరు తెచ్చారన్న దాని మీదే ఆధారపడతాయి.

"మీరు క్రిస్టియనా మేడమ్?" అని అడిగితే అబద్ధం చెప్పక్కర్లేదు. "అవునమ్మా. ఎందుకు అడగాలనిపించింది?" అని మాటను మళ్లీ బిడ్డ వైపే తిప్పాలి. ఆ ప్రశ్న వెనక "నన్ను తప్పు పడతారా" అన్న భయం ఉండొచ్చు, "నా బాధ మీకే అర్థమవుతుంది" అన్న ఆశ ఉండొచ్చు. ఏదో తెలుసుకోవడమే మన పని.

ప్రార్థన చేయమని అడిగితే మనం నడిపించకూడదు. "నువ్వు ప్రార్థన చేసుకోవాలనుకుంటే చేసుకో, నేను ఇక్కడే కూర్చుంటా" అని ఒక నిమిషం నిశ్శబ్దంగా ఉండండి. తర్వాత "ఏం అడిగినావో చెప్పాలనిపిస్తే చెప్పు" అనండి. చాలాసార్లు అసలు బాధ ఆ జవాబులోనే బయటపడుతుంది. నమాజు చేసుకునే బిడ్డ అయినా, వెంకన్నకు మొక్కుకునే బిడ్డ అయినా ఇదే పద్ధతి. బిడ్డను బట్టి మార్చామంటే అది వృత్తి నియమం కాదు, మన ఇష్టం.

కొండారెడ్డి బురుజు
మనసులో ప్రార్థించుకోవచ్చు కదా?

పెన్నా ఒడ్డు (కడప)
మనసులో చేసుకోండి, సెషన్‌కు ముందు తలుపు వేసుకుని చేసుకోండి. దాన్ని ఎవరూ ఆపలేరు. "నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నా" అని బిడ్డకు చెప్పడం వేరు. బిడ్డ మీద అది బాకీ అవుతుంది. వచ్చే వారం తన పరిస్థితి బాగుపడకపోతే "మేడమ్ ప్రార్థన వృథా అయింది" అని బాధపడి నిజం దాస్తుంది.

తుంగభద్ర నీళ్లు (మంత్రాలయం వైపు)
గది గురించి ఎవరూ రాయలేదు. వాక్యం ఉన్న క్యాలెండరు, టేబుల్ మీద కొత్త నిబంధన, గోడ మీద సిలువ వద్దు. ఏ దేవుడి పటమూ వద్దు, హెడ్‌మాస్టర్ రూమ్‌లో సరస్వతి పటం ఉన్నా సరే. ఫోన్ రింగ్‌టోన్ క్రైస్తవ పాట అయితే సెషన్‌లో సైలెంట్‌లో పెట్టాలి. వాట్సాప్ స్టేటస్‌లో రోజూ వాక్యం పెట్టే అలవాటు ఉంటే తల్లిదండ్రులతో మాట్లాడడానికి వేరే నంబరు వాడండి. మెడలో సిలువ గొలుసు సంగతి వేరే. అది బొట్టు, టోపీ లాగా మనిషి గుర్తు. తీసేయమని ఎవరూ అడగరాదు. కాకపోతే బిడ్డ చూపు పదే పదే దాని మీదికి పోతుంటే ఏమనుకుంటోందో అడగండి.

కడప గడప
నేను ముస్లిం తండ్రిని, టీచర్‌ని కూడా. గొలుసు విషయంలో తుంగభద్ర గారి మాటే నాదీ. తల్లిదండ్రులకు భయం కలిగేది గొలుసు చూసి కాదు, బిడ్డ ఇంటికొచ్చి "సార్ ఒక పుస్తకం ఇచ్చినాడు" అన్నప్పుడు. ఒక పుస్తకం చాలు, ఆ మండలంలో ఆ కౌన్సెలర్ దగ్గరికి ఇంకెవరూ బిడ్డల్ని పంపరు. అంతదాకా మేలు పొందిన పిల్లలూ ఆగిపోతారు.

హంద్రీ (కర్నూలు)
కడప గడప సార్, ఈ మాట చెప్పినందుకు కృతజ్ఞతలు. ఇప్పుడు "ఇంకొకరి దగ్గరికి పంపొచ్చా" అన్న ప్రశ్న. అమెరికాలో దీని మీద కోర్టు కేసులు నడిచాయంటారు, ఎవరికైనా వివరం తెలుసా?

వేమన గుట్ట (కదిరి)
తెలుసు, రాస్తున్నా. జూలియా వార్డ్ అనే విద్యార్థిని ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో కౌన్సెలింగ్ ఎంఏ చదువుతుండేది. స్వలింగ సంబంధంలో ఉన్న క్లయింటును, తన క్రైస్తవ నమ్మకం కారణంగా, సెషన్ మొదలుకాకముందే ఇంకొకరికి అప్పగించమని అడిగింది. 2009లో ఆమెను కోర్సు నుంచి తొలగించారు. 2012లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆమె కేసును జ్యూరీ వినాల్సిందేనని చెప్పింది. ఆ ఏడాది చివర్లో 75,000 డాలర్లకు రాజీ కుదిరింది. దాదాపు అదే కాలంలో జార్జియాలోని అగస్టా స్టేట్ యూనివర్సిటీ మీద జెన్నిఫర్ కీటన్ అనే విద్యార్థిని ఇలాంటి విషయంలోనే వేసిన కేసులో పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2011లో యూనివర్సిటీ వైపు నిలిచింది. తర్వాత 2014లో అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ తన నియమావళిని సవరించింది. కౌన్సెలర్ సొంత విలువలు, నమ్మకాల కారణంగా మాత్రమే క్లయింటును ఇంకొకరికి పంపకూడదని అందులో స్పష్టంగా రాసింది. నైపుణ్యం లేక పంపడం మాత్రం తప్పు కాదు, పంపి తీరాలి.

అది అమెరికా నియమం, మన దగ్గర చట్టం కాదు. అయినా కారణం మనకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. అక్కడ పక్క గదిలో ఇంకో కౌన్సెలర్ ఉంటారు. మన దగ్గర ఆ బడికి ఒక్కరే, చాలా మండలాల్లో ఆ ఒక్కరూ లేరు. "నాకు ఇది కుదరదమ్మా, వేరేవాళ్ల దగ్గరికి పో" అంటే పోవడానికి చోటే లేదు. బిడ్డ చెవికి మాత్రం "నువ్వు చెడ్డదానివి" అనే పడుతుంది.

కొండారెడ్డి బురుజు
మరి మన మనస్సాక్షి? నా విశ్వాసం పాపం అనేదాన్ని నేను మంచిదని చెప్పాలా?

వేమన గుట్ట (కదిరి)
ఎవరూ అట్లా అడగడం లేదు బ్రదర్. కౌన్సెలర్ మంచిదనీ చెప్పడు, చెడ్డదనీ చెప్పడు. తోటి మగపిల్లాడి మీద ఇష్టం కలుగుతోందని ఒక అబ్బాయి చెప్పాడనుకుందాం. మన పని ఇంతే: ఎవరైనా ఏడిపిస్తున్నారా, కొట్టారా, నిద్ర పడుతోందా, చావాలనిపిస్తోందా, ఇంట్లో తెలుసా, తెలిస్తే ఏమవుతుంది. వీటిలో మన వేదాంతం అవసరమయ్యే ప్రశ్న ఒక్కటీ లేదు. "దీన్ని మార్చుకోవడానికి ఉపవాస కూటానికి తీసుకుపోండి" అని తల్లిదండ్రులకు చెప్పడం మాత్రం హాని. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ డాక్టర్లు కన్వర్షన్ థెరపీ (ఇట్లాంటి ఇష్టాన్ని చికిత్స పేరుతో మార్చాలని చూడడం) చేయడాన్ని వృత్తి దుష్ప్రవర్తన కింద చేర్చింది. డాక్టరుకే తగని పని కౌన్సెలర్‌కు ఎట్లా తగుతుంది? ఇంకొకటి, బిడ్డ అనుమతి లేకుండా ఈ సంగతి ఇంట్లో చెప్పకండి. ఇల్లే ప్రమాదం కావచ్చు.

సీమ సిస్టర్ (నంద్యాల)
దీనికన్నా కష్టమైనది గర్భం. పద్దెనిమిది లోపు అమ్మాయి అయితే రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి పోక్సో, అంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం. ఆ వయసులో "ప్రేమ", "ఇష్టపడే వెళ్లాను" అన్నా చట్టం సమ్మతిగా తీసుకోదు, సమాచారం ఇవ్వాల్సిందే. రెండోది వైద్యం. 2021 సవరణ తర్వాత మైనరు బాలికలకు 24 వారాల వరకు గర్భస్రావానికి వీలుంది. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, ఆపైన ఇద్దరు కావాలి. సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి.

విశ్వాసం ఉన్న కౌన్సెలర్ ఇక్కడ రెండు తప్పుల్లో పడే వీలుంది. ఒకటి ఆ సంగతి చెప్పకుండా ఉండిపోవడం. రెండోది "వచ్చే వారం ఆలోచిద్దాం" అని ప్రతి వారం వాయిదా వేయడం. వారాలు గడిస్తే బిడ్డ చేతిలో నిర్ణయం మిగలదు. గర్భస్రావం చేయించుకోమని సలహా ఇవ్వాల్సిన బాధ్యత మనకు లేదు, అది మన పనీ కాదు. ఏ దారులున్నాయో దాచకపోవడం, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి, సఖి కేంద్రానికి (ఆడవాళ్లకు ప్రభుత్వం నడిపే సాయ కేంద్రం) చేర్చడం మన పని. మనస్సాక్షికి అంతవరకే చోటు. బిడ్డ కాలాన్ని మన మనస్సాక్షి కోసం ఖర్చు పెట్టకూడదు.

గుత్తి కోట (అనంతపురం)
సీమ సిస్టర్ అక్కా, పోక్సో గురించి ఇంకొంచెం రాయండి. సంఘం పెద్దలు కలగజేసుకునేది అక్కడే.

సీమ సిస్టర్ (నంద్యాల)
రాస్తున్నా, కొంచెం పొడవవుతుంది.

2012 చట్టంలోని 19వ సెక్షన్ "ఏ వ్యక్తి అయినా" అంటుంది. కౌన్సెలర్, టీచరు, పాస్టర్, ఫాదర్, సిస్టర్ అందరూ అందులోకి వస్తారు. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందన్న భయం ఉన్నా పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు యూనిట్‌కు గానీ చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాళ్లు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాస్తే ఏడాది దాకా శిక్ష. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు రాదని కూడా అదే చట్టం చెప్తోంది. పాపాల ఒప్పుకోలులో విన్నాను, సంఘ సేవలో విన్నాను అనే మినహాయింపు అందులో లేదు.

బిడ్డ చెప్తున్నప్పుడు విచారణ చేయొద్దు. "ఏం జరిగిందో నీకు చెప్పగలిగినంత చెప్పు" అన్నది చాలు. "అతను అక్కడ ముట్టుకున్నాడా?" అని మనమే మాటలు అందించకూడదు, కోర్టులో అదే బిడ్డ మాటను బలహీనం చేస్తుంది. విన్న వెంటనే బిడ్డ వాడిన మాటల్లోనే తేదీ, సమయంతో రాసుకోండి. "నువ్వు చెప్పడం మంచి పని. తప్పు నీది కాదు. ఇప్పుడు నేను ఇంకొకరికి చెప్పాల్సి ఉంది, ఎవరికి ఎందుకు చెప్తానో ముందు నీకే చెప్తా" అనండి. పోలీసు స్టేషన్ అంటే బిడ్డకు భయం. 24వ సెక్షన్ ప్రకారం వాంగ్మూలం ఇంట్లో గానీ బిడ్డ కోరిన చోట గానీ తీసుకోవాలని, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలని, యూనిఫాంలో రాకూడదని చెప్పండి. తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు ఫోన్ చేయండి. 2022లో జిల్లాలు విడిపోయాక హిందూపురం వాళ్లు పుట్టపర్తికి, మేము నంద్యాలకు వెళ్లాలి. పాత అనంతపురం, కర్నూలు నంబర్లు పట్టుకుని తిరగకండి.

ఇక పాస్టర్ గారి మీదే మాట వచ్చినప్పుడు. మొదట సంఘ పెద్దలకు చెప్దాం, వాళ్లు మాట్లాడి సరిచేస్తారు అనిపిస్తుంది. అట్లా చేస్తే సాయంత్రానికి పంచాయితీ, మరుసటి రోజుకు రాజీ, ఆ తర్వాత బిడ్డను బంధువుల ఊరికి పంపడం. ముందు పోలీసులకే చెప్పాలి. ఆయన మన సొంత సంఘం వారైతే కేసు పనిలో ఇంకొకరిని తోడు తీసుకోండి, మన సంబంధం గురించి రికార్డులో రాయండి.

"క్షమించమ్మా" అనే మాట కూడా వద్దు. క్షమాపణ మనకు విలువైనది, అందుకే నోటికి తొందరగా వస్తుంది. గాయం పచ్చిగా ఉన్న బిడ్డకు అది "కేసు వద్దు" అన్నట్టు వినిపిస్తుంది. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ కూడా అంతే, కొట్టింది తండ్రే అయినప్పుడు.

హంద్రీ (కర్నూలు)
సిస్టర్, మీ జవాబు కొత్తగా చేరేవాళ్లందరూ చదవాలి. మరి ప్రార్థన అంశాల సంగతి?

తుంగభద్ర నీళ్లు (మంత్రాలయం వైపు)
పేరు చెప్పకుండా పెట్టొచ్చు అంటారు చాలామంది. పెట్టకూడదు. "తొమ్మిదో తరగతి అమ్మాయి, అమ్మానాన్న మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు వలస పోయినారు, అవ్వ దగ్గర ఉంటోంది" అంటే మా ఊళ్లలో ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఆదివారం చెప్పింది సోమవారానికి బడికి చేరుతుంది. మనసు బరువెక్కితే దాని కోసం సూపర్‌వైజర్ ఉండాలి, లేదా గోప్యత నియమం ఉన్న తోటి కౌన్సెలర్ ఉండాలి. దేవుడితో మాత్రం పేరుతో సహా చెప్పుకోవచ్చు, ఆయన దగ్గర నుంచి బయటికి పోదు.

పెన్నా ఒడ్డు (కడప)
మనం పోయే చర్చికే వచ్చే బిడ్డ అయితే మొదటి రోజే మాట్లాడుకోవాలి: "ఆదివారం కనపడితే నేను నీ బాధ గురించి అడగను. నువ్వు పలకరిస్తేనే పలకరిస్తా. మీ అమ్మ అడిగినా బడిలో మాట్లాడదామనే చెప్తా." మీరు సండే స్కూల్ టీచరు, ఆ బిడ్డ మీ తరగతిలోనే ఉంటే ఒక పాత్ర వదులుకోండి. రెండూ చేస్తే బిడ్డ ఎవరితో మాట్లాడుతోందో తనకే తెలియదు.

ఇంకో సంగతి. వేరే మతం బిడ్డ దగ్గర మనం జాగ్రత్తగానే ఉంటాం. జారిపోయేది మన మతం బిడ్డ దగ్గర. "దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు" అని ఆ బిడ్డ అంటే వెంటనే వాక్యం ఎత్తి సరిదిద్దాలనిపిస్తుంది. ఆగాలి. "అట్లా ఎప్పటి నుంచి అనిపిస్తోంది? ఎవరైనా అన్నారా? దేవుడి గురించి నీకు ధైర్యమిచ్చే మాట ఏదైనా ఉందా?" అని అడగండి. బిడ్డ తానే తెచ్చుకున్న మాట తనకు ఆధారం అవుతుంది. మనం ఇచ్చింది ఇంకో పాఠం అవుతుంది. వినడానికి తొందరపడాలి, మాట్లాడడానికి నిదానించాలి అని యాకోబు రాసింది ఈ గదికి సరిగ్గా సరిపోతుంది.

కడప గడప
ఫిట్స్ మాత్రలు ఆపేసే ఇళ్ల గురించి కూడా రాయండి. దర్గా దగ్గరా, గుడి దగ్గరా, స్వస్థత కూటాల దగ్గరా ఇదే సమస్య.

వేమన గుట్ట (కదిరి)
మంచి గుర్తు చేశారు సార్. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా వరుసగా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. ప్రార్థనను కాదంటే తల్లి తలుపు వేసేస్తుంది. "ప్రార్థన ఆపొద్దు, మాత్రా ఆపొద్దు. తగ్గించాలా లేదా అన్నది డాక్టరే చూసి చెప్తాడు" అనండి. తాయెత్తు కట్టిన ఇంట్లోనూ ఇదే మాట. తల్లిదండ్రులు ఒప్పుకుంటే పాస్టర్ గారితో, దర్గా పెద్దతో మాట్లాడి వాళ్ల నోటితోనే మందు వేసుకోమని చెప్పించండి. మన మాట కంటే ఎక్కువ పనిచేస్తుంది. పీహెచ్‌సీకి, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పరీక్షల) బృందానికి చెప్పి ఉంచండి. తరగతి టీచరుకు ఫిట్స్ వస్తే ఏం చేయాలో నేర్పండి: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే 108.

ఉపవాసంతో కళ్లు తిరిగిపడే పిల్లలు కూడా ఉంటారు. ముందు ఇష్టంతో చేస్తున్నారా, ఇంట్లో బలవంతమా, లేక తిండి మానేయడానికి ఉపవాసం పేరు పెట్టారా అన్నది తెలుసుకోండి. మూడోదైతే డాక్టరు చూడాలి.

కొండారెడ్డి బురుజు
చావు మాటలు మాట్లాడే బిడ్డకు ఆత్మహత్య పాపం అని చెప్పడం కూడా తప్పేనా? అది ఆపుతుంది కదా.

సీమ సిస్టర్ (నంద్యాల)
కొందరిని వాళ్ల విశ్వాసం ఆపుతుంది, ఆ మాట వాళ్ల నోటి నుంచి వస్తే గట్టిగా పట్టుకోండి. మనం చెప్తే బిడ్డ ఆలోచన ఆగదు, చెప్పడం ఆగుతుంది. నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎట్లా అని ఆలోచించినావా?" అడిగితే ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. హెచ్ఎంకు చెప్పి, ఇంటి పెద్దలను ఆ రోజే పిలిపించండి. మనవి వేరుశనగ, పత్తి పండే ఇళ్లు, పురుగుమందు డబ్బా వసారాలోనే ఉంటుంది. దాన్ని తాళం వేసిన చోటికో, ఇంటి బయటికో ఆ సాయంత్రమే మార్పించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది. కర్నూలు జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. సంఘం వాళ్లు రాత్రి తోడుండి ప్రార్థిస్తామంటే కుటుంబం ఇష్టం, ఆసుపత్రికి బదులుగా మాత్రం కాదు.

గుత్తి కోట (అనంతపురం)
రికార్డుల సంగతి చెప్పి ఆపుతా. ఫైల్ మీద పేరు వద్దు, కోడ్ నంబరు రాయల్ల. కోడ్ జాబితా వేరే బీరువాలో తాళం వేసి పెట్టల్ల. "దయ్యం పట్టింది", "తప్పిపోయిన బిడ్డ" లాంటి మాటలు రాయొద్దు. కనపడింది, వినపడింది రాయండి.

మతం గడి నింపేటప్పుడు ఇంకా జాగ్రత్త. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకు బయట ఉన్నవాళ్లకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీ సర్టిఫికెట్ ఉండి చర్చికి పోయే కుటుంబాలు మన సీమలో ఊరూరా ఉన్నాయి. బిడ్డ "ఆదివారం చర్చికి పోతా" అన్నదాన్ని మనం ఫైల్లో "మతం: క్రైస్తవం" అని రాస్తే, ఆ కాగితం తప్పు చేతుల్లో పడిన రోజు స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు మీద పడొచ్చు. బాధకు సంబంధం ఉంటేనే రాయండి, అదీ "ప్రార్థన వల్ల ఊరట పొందుతున్నానని చెప్పింది" అన్నంతవరకే. సర్టిఫికెట్ తేల్చేది రెవెన్యూ వాళ్లు.

హంద్రీ (కర్నూలు)
హెచ్ఎం ఫైల్ చూపించమంటే?

గుత్తి కోట (అనంతపురం)
ఫైల్ ఇవ్వొద్దు, అవసరమైన సంగతి చెప్పండి. "ఈ బిడ్డను నెల రోజులు ముందు బెంచీలో కూచోబెట్టండి, మధ్యాహ్నం ఒకసారి నా దగ్గరికి పంపండి" అంటే ఆయన పని జరుగుతాది. ప్రాణాపాయం, పోక్సో విషయాలు ఎట్లాగూ ఆయనకు చెప్పాల్సినవే. ఏది చెప్తాం, ఏది చెప్పం అన్నది ఉద్యోగంలో చేరిన వారంలోనే ఒక పేజీ రాసి హెచ్ఎం సంతకం తీసుకోండి. "ఈ గదిలో ఏ మతబోధ ఉండదు, బిడ్డ తెచ్చిన విశ్వాసానికి గౌరవం ఉంటుంది" అన్న వాక్యం కూడా అందులో రాయండి. తల్లిదండ్రుల సమావేశంలో దాన్ని తెలుగులో, ఉర్దూలో చదివించండి. ఆదోని వైపు అయితే కన్నడంలో కూడా.